రెండో శనివారం చంద్రుడు

డబ్బా మీద ఎర్రటి అంకెల్లో పన్నెండు వందల రెట్లు అని రాసి ఉంది. హైమవతి దాన్ని వెలుతురు వైపు తిప్పుకుని, కింద చీమల్లా ఉన్న ఇంగ్లీషు అక్షరాల్ని వేలు పెట్టి కూడబలుక్కుంది. టెలిస్కోపు ఒకటి. మైక్రోస్కోపు ఒకటి. గాజు పలకలు ఆరు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి.

"దోమ కాలు ఏనుగు కాలంత కనబడుతుంది ఆంటీ," అంది కౌంటర్లో అమ్మాయి.

"దోమ సంగతి తర్వాత. చందమామలో గుంటలు కనబడతాయా?"

అమ్మాయి డబ్బా మీది బొమ్మని గోరుతో కొట్టి చూపించింది. "ఇందులో ఉన్నవన్నీ కనబడతాయి."

బొమ్మలో శనిగ్రహం, దాని చుట్టూ వలయం, పక్కన రాకెట్టు ఉన్నాయి. హైమవతికి నమ్మకం కుదరలేదు. "ఒకసారి తీసి చూడొచ్చా అమ్మా?"

"సీలు తీస్తే తీసుకోవాల్సిందే ఆంటీ. అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు. గిఫ్ట్ ప్యాక్ చెయ్యమంటారా?"

"మళ్ళీ వస్తాను," అని డబ్బాని జాగ్రత్తగా వెనక్కి తోసి, పంజగుట్ట రోడ్డు మీదికి వచ్చింది.

ఉత్త ఆటబొమ్మ అయితే ఏదో ఒకటి కొనేసేది. ఇది పని చెయ్యాలి. అదీ వచ్చే శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపల పని చెయ్యాలి. ఆ తర్వాత ఎంత బాగా పనిచేసినా ఆమెకి అక్కర్లేదు.

కొడుకు వివేక్, కోడలు హరిణి విడిపోయి రెండేళ్ళయింది. మనవరాలు ధాత్రి తల్లితో పాటు సనత్‌నగర్‌లో తాతగారింట్లో ఉంటోంది. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం రెండు గంటల సేపు, పంజగుట్ట మాల్ ఆవరణలో, పిల్లని తండ్రికి అప్పగించాలని కోర్టు కాగితం. ఆ కాగితంలో నానమ్మ అన్న మాట ఎక్కడా లేదు. వివేక్ వెనకాల సంచీ పట్టుకుని వెళ్ళి కూర్చుంటే ఎవరూ కాదనరు. వివేక్ లేకపోతే ఆమె కూడా లేనట్టే.

పోయిన నెల అదే జరిగింది. వివేక్ ఆఫీసులో ఏదో మీటింగు తెమల్లేదు. ధాత్రిని తీసుకొచ్చిన వాళ్ళ తాతయ్య చలపతిరావు ఎస్కలేటర్ పక్కన పది నిమిషాలు నిలబడి, వాచీ చూసుకుని, "కాగితంలో మీ పేరు లేదు కదండీ" అని పిల్లని వెనక్కి తీసుకెళ్ళిపోయాడు. ఆ పది నిమిషాల్లో ధాత్రి అడిగింది ఒక్కటే.

"నానమ్మా, చందమామ మీద గుంటలుంటాయంట. టీచర్ చెప్పింది. నాకు కనబడట్లేదు. నీకు కనబడతాయా?"

"వచ్చేసారి ఇద్దరం చూద్దాం."

నోటికొచ్చింది, అనేసింది. తర్వాత తెలిసింది, వచ్చేసారే ఆఖరిసారని. హరిణికి పుణెలో ఉద్యోగం వచ్చింది. సోమవారం ప్రయాణం. ఇక మీదట సెలవుల్లో చూడ్డమే, అదీ కోర్టు కొత్తగా ఏం రాసిస్తే అది.

ఆ రాత్రి హైమవతి వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ కిందికి దించి శనివారం గడి వెతికింది. మాఘ శుద్ధ అష్టమి. అష్టమి నాడు ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు. కానీ అష్టమి చంద్రుడు మధ్యాహ్నమే లేస్తాడు. సాయంత్రం ఐదింటికి దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఎండ ఉండగానే, తెల్లగా, అరముక్కగా. నాలుగు నుంచి ఆరు లోపలే. ఆ గడి మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చుంది.

*

అమీర్‌పేటలో జావా బోర్డుకీ డాట్‌నెట్ బోర్డుకీ మధ్య సందులో, మూడు మెట్లు దిగితే అబ్దుల్ భాయ్ కళ్ళజోళ్ళ దుకాణం. పైన కోచింగ్ సెంటర్ నుంచి దిగే పిల్లలు ఫైళ్ళు పట్టుకుని దుకాణం ముందే టీ తాగుతారు. హైమవతి వెళ్ళేసరికి అబ్దుల్ సాన ముందు కూర్చుని, అద్దం అంచుని నీళ్ళు కారుతున్న చక్రానికి ఆనించి, గడియారం ముల్లులా తిప్పుతున్నాడు. తెల్లటి పాలలాంటి నీళ్ళు గిన్నెలోకి కారుతున్నాయి.

"ఏమ్మా, మళ్ళీ కాడ విరిగిందా?"

"కాడ కాదు భాయ్. నాకో సలహా కావాలి."

పన్నెండు వందల రెట్ల డబ్బా సంగతంతా విన్నాడు. అద్దాన్ని చక్రం మీంచి తీసి, ఫ్రేములో పెట్టి చూసి, పట్టక మళ్ళీ చక్రానికి ఆనించాడు.

"పన్నెండు వందలు రాస్తరు, పన్నెండు వేలు సుత రాస్తరు. రాసేటోనికి ఏం పోయింది? గంత పెద్దగ చేస్తే ఏం కనిపిస్తదమ్మా, ఉత్త పొగ కనిపిస్తది. నంబర్ చూడొద్దు. మూతి చూడాలె. మూతి ఎంత వెడల్పుంటే అంత వెలుగు లోపలికొస్తది. తర్వాత కాళ్ళు. నిలబెడితే వణికిందనుకో, వాపస్ ఇచ్చెయ్."

"అద్దం మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?"

అబ్దుల్ చేతులు తుడుచుకుని, సొరుగులోంచి రెండు అద్దాలు తీశాడు. "కళ్ళు మూసుకోండి." మొదటిది ఆమె చెంపకి ఆనించాడు. ఏమీ అనిపించలేదు. రెండోది ఆనించగానే ఉలిక్కిపడింది.

"చల్లగుంది."

"అది గాజు. మొదటిది ప్లాస్టిక్. కన్ను మోసపోతది కానీ చెంప మోసపోదు." నవ్వాడు. "ఎవరికి, మనవరాలికా? కోఠిల నా దోస్త్ ఒకడు బడులకి సప్లై చేస్తడు. రెండూ కలిసిన సెట్ ఉంటది, చిన్నదే గాని గాజుది. గురువారం తెప్పిస్త. ఫికర్ చెయ్యకండి."

"శనివారానికి..."

"గురువారం అన్నగా అమ్మా."

గురువారం పొద్దున్న పదకొండింటికే వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. డబ్బా వచ్చాక ఒక్కొక్కటీ తీసి చెంపకి ఆనించుకుంది. టెలిస్కోపు మూతి. చల్లగా ఉంది. మైక్రోస్కోపు కింది అద్దం. చల్లగా ఉంది. దుకాణానికి వచ్చిన కోచింగ్ కుర్రాళ్ళు ఆమెని వింతగా చూశారు. మూడుకాళ్ళ స్టాండుని అబ్దుల్ కౌంటర్ మీద నిలబెట్టి, పక్కన గుద్ది, వణుకు ఎంతసేపటికి ఆగుతుందో చూశాడు. మర ఒకటి బిగించాడు. మళ్ళీ గుద్దాడు.

"ఒక్క మాట యాద్ పెట్టుకోండి. సూర్యుని దిక్కు మాత్రం పెట్టొద్దు. కన్ను పోతది."

*

ఆ సాయంత్రం అపార్ట్‌మెంటు మేడ మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య చాప వేసుకుని, గొట్టాన్ని ముందు పంజగుట్ట వైపు తిప్పింది. మసకగా ఏదో కనబడింది. పక్కనున్న చిన్న చక్రాన్ని అబ్దుల్ చెప్పినట్టు వెంట్రుక వాసి తిప్పుతూ పోయింది. హఠాత్తుగా అక్షరాలు తేలాయి. కొత్త ఫ్లాట్ల హోర్డింగు. మీ కలల ఇల్లు, ఈరోజే బుక్ చేసుకోండి, అని మొత్తం చదివేసింది. చదివాక తట్టింది, అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయని.

చిన్నప్పుడు ఆమెని బడికి పంపలేదు. అన్నయ్య వాచకం చదువుతుంటే ఎదురుగా కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఎదురుగా కూర్చున్న వాళ్ళకి పుస్తకం తలకిందులే. ఆ అలవాటు వల్ల తేడా తెలియలేదు. ఇంకా ఒక్క రోజే ఉంది. గొట్టాన్ని చీరకొంగులో చుట్టుకుని మళ్ళీ సందులోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"భాయ్, ఇది పాడైంది. అంతా తలకిందులుగా చూపిస్తోంది."

అబ్దుల్ గొట్టం అందుకోలేదు. "గిది ఆస్మాన్ చూసేటందుకు చేసింది. బోర్డులు చదివేటందుకు కాదు. ఆస్మాన్‌ల పైనేంది, కిందేంది చెప్పండి?"

హైమవతి ఆలోచించింది. "నిజమే."

"మీరు బోర్డు మొత్తం చదివినంక వచ్చిన్రా, మధ్యలో వచ్చిన్రా?"

"మొత్తం చదివాకే."

అబ్దుల్ పడీపడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, చాలా రోజుల తర్వాత.

శుక్రవారం సప్తమి. నాలుగింటికల్లా చంద్రుడు నీళ్ళ ట్యాంకు పైన నీలంలో తెల్లగా ఉన్నాడు. అంత ఎత్తుకి గొట్టం పెడితే చూసేవాళ్ళు నేల మీద కూర్చుని మెడ వంచాల్సిందే. మోకాళ్ళు పట్టేశాయి. వెతగ్గా వెతగ్గా అరముక్క దొరికింది. వెలుగూ చీకటీ కలిసే అంచు పొడుగునా గుంటలు, గుంట పక్కన గుంట, ఒక్కోదాని లోపల నల్లటి నీడ. చూస్తుండగానే చంద్రుడు పక్కకి జరిగి, అంచు తాకి, మాయమైపోయాడు.

మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వెళ్ళిపోయాడు. గొట్టం కదిలిందేమో అనుకుంది. కదల్లేదు. చంద్రుడే ఆగడు.

బట్టలు తియ్యడానికి వచ్చిన వాచ్‌మన్ భార్య చంద్రమ్మ దుప్పటి భుజాన వేసుకుని నిలబడింది. "ఏందమ్మా, ఎవలింట్లకు తొంగి చూస్తున్నవ్?"

"చంద్రుడి ఇంట్లోకి. రా, చూడు."

చంద్రమ్మ చీర సర్దుకుని కూలబడి చూసింది. "అమ్మో! మొగమంత అమ్మవారు పోసినట్టుంది. గీయన్ని చూపించుకుంటనా మనం పిల్లలకు బువ్వ పెట్టింది?" మరుక్షణం, "ఏడికో పోతుండు, పట్టుకో పట్టుకో," అంది.

చీకటి పడేదాకా హైమవతి అదే పని చేసింది. గోడ గడియారం పైకి తెచ్చుకుని చూసింది. చంద్రుణ్ణి మధ్యలో పెడితే రెండు నిమిషాల్లో పోతాడు. వచ్చే వైపు అంచు మీద పెడితే నాలుగు నిమిషాలు ఉంటాడు. చూసేవాళ్ళు కూర్చుని, కన్ను ఆనించి, సర్దుకునేసరికి సరిగ్గా మధ్యకి వస్తాడు. ఎటు వైపు, ఎంత ఎడంగా పెట్టాలో వేళ్ళకి తెలిసేదాకా పెడుతూనే ఉంది.

అన్నం తింటున్నప్పుడు వివేక్ ఫోను పక్కనే పెట్టుకున్నాడు. "రేపు ఆఫీసులో రిలీజ్ ఉందమ్మా. కానీ వస్తాను. ఎలాగైనా వస్తాను."

"నాలుగింటికి."

"నాలుగింటికి." ఫోను మోగింది. కంచం ముందునుంచి లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. తలుపు అవతల వాడి వీపు కనబడుతోంది. వాడికి దుఃఖం లేదని కాదు. దాన్ని పెట్టుకోవడానికి వాడికి చోటే లేదు.

పోయిన పుట్టినరోజుకి పంపిన గౌను మడత కూడా విప్పకుండా తిరిగొచ్చింది. ఇదీ అలాగే తిరిగి రావచ్చు. వస్తే రానీ. చూసిన చంద్రుణ్ణి తిరిగి పంపలేరు కదా అనుకుంది.

*

శనివారం మూడున్నరకే మాల్ రెండో అంతస్తులో ఎస్కలేటర్ పక్కన నిలబడింది. గొట్టం పాత నేత చీరలో చుట్టి, మైక్రోస్కోపు డబ్బాతో పాటు సంచీలో ఉంది. నాలుగుకి ఐదు నిమిషాలుండగా ఫోను మోగింది.

"అమ్మా, ఇక్కడ రిలీజ్ మధ్యలో ఆగిపోయింది. ఐదున్నరకల్లా బయటపడతాను. ఆయన్ని కాసేపు ఆపు."

"ఎలా ఆపను నాన్నా?"

"ఏదో ఒకటి చెప్పు అమ్మా, ప్లీజ్."

సరిగ్గా నాలుగింటికి చలపతిరావు ఎస్కలేటర్ మీద పైకి వచ్చాడు. ఒక చేతిలో ధాత్రి చెయ్యి, ఇంకో చేతిలో ప్లాస్టిక్ ఫైలు, చంకలో పేపరు. ఆయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో రెండు పెన్నులుంటాయి.

"వివేక్ గారేరండీ?"

ఒకప్పుడు అల్లుడు, ఇప్పుడు వివేక్ గారు. "దారిలో ఉన్నాడు అన్నయ్యగారూ."

"దారంటే ఎక్కడండీ?"

ఆమెకి అబద్ధం అంతవరకే వచ్చు. తల దించుకుంది.

"నానమ్మా, సంచీలో ఏంటి?" అంది ధాత్రి. జుట్టు రెండు పిలకలు వేశారు. ముందు పన్ను ఒకటి ఊడింది. పోయిన నెల ఆ పన్ను ఉంది.

చలపతిరావు వాచీ చూసుకున్నాడు. "మీరే చెప్పండి, నన్నేం చెయ్యమంటారు? తండ్రికి అప్పగించాలి అని ఉంది. పోయినసారి పది నిమిషాలు ఆగినందుకే ఇంట్లో మా అమ్మాయి నన్ను నిలబెట్టి అడిగింది."

"అప్పగించొద్దు అన్నయ్యగారూ. నేను పిల్లని ముట్టుకోను. పైన పార్కింగ్ దాకా రండి. చంద్రుడు వచ్చి ఉన్నాడు. ఒక్కసారి చూపించి మిమ్మల్ని పంపించేస్తాను."

"చంద్రుడా? ఈ ఎండలోనా?"

"ఇవాళ అష్టమి కదండీ."

చలపతిరావు ఆగాడు. "అవును, అష్టమే. రేపు నవమి. అందుకే వాళ్ళకి సోమవారం దశమికి పెట్టాను ప్రయాణం." ఫైలు తెరిచి కాగితం తీశాడు. కళ్ళజోడు పైకి తోసుకుని, పెదాలు కదుపుతూ మొదట్నించీ చివరిదాకా చదివాడు. ధాత్రి ఒంటికాలి మీద నిలబడి ఎదురు చూసింది.

"మాల్ ఆవరణ అని ఉంది. పార్కింగు ఆవరణలోదే," అన్నాడు చివరికి. "అప్పగించడం అంటే చెయ్యి మారాలి. పాప చెయ్యి నా చేతిలోనే ఉంటుంది. చూపించేది నేను. మీరు ఆ గొట్టం సర్దండి, చాలు."

పైన ఎండ వాలుతోంది. కార్ల వరసకి అవతల పిట్టగోడ నీడలో చోటు చూసుకుని హైమవతి మూడుకాళ్ళ స్టాండు విప్పింది. సూర్యుడు వీపు వైపు. చంద్రుడు పైన, నడినెత్తికి కాస్త తూర్పుగా. గూర్ఖా ఒకడు విజిలేస్తూ వచ్చి, చలపతిరావు చేతిలో ఫైలు చూసి ఏదో సర్వే అనుకుని వెళ్ళిపోయాడు. ఆమె నేల మీద కూర్చుని, కన్ను ఆనించి, వేళ్ళకి తెలిసినట్టు గొట్టాన్ని అంచుకి జరిపి, పక్కకి తప్పుకుంది.

ధాత్రి మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమ చెయ్యి పైకెత్తి తాతయ్య చేతిలోనే ఉంచింది.

"నానమ్మా... గుంటలు! ఒకటి కాదు, బోల్డు! లోపల నీడలు కూడా ఉన్నాయి!"

"ఉన్నాయా?"

"నువ్వు చూశావా?"

"నిన్న చూశాను. ఇవాళ నీ కోసం దాచాను."

పిలక ఊడి వెంట్రుకలు పిల్ల కంటి మీద పడ్డాయి. హైమవతి చెయ్యి లేచింది. సగం దూరం వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కి వచ్చి ఒళ్ళో రెండో చేతిని పట్టుకుంది. చలపతిరావు అది చూశాడు. చూసి, కార్ల వైపు తిరిగాడు.

"పోతోంది, పోతోంది!" అంది ధాత్రి. హైమవతి మళ్ళీ తెచ్చి పెట్టింది. అలా నాలుగు సార్లు. ఐదోసారి ధాత్రి తల ఎత్తి, "తాతయ్యా, నువ్వు చూడు," అంది.

"నాకెందుకే?"

"ప్లీజ్ తాతయ్యా. మళ్ళీ మనం చూడలేం కదా."

చలపతిరావు చంకలో పేపరు నేల మీద పరిచి, గోడ పట్టుకుని, నెమ్మదిగా కూలబడ్డాడు. ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్ల చెయ్యి వదల్లేదు. హైమవతి చంద్రుణ్ణి చిట్టచివరి అంచు మీద, వెలుగు అప్పుడే తగిలేచోట పెట్టి జరిగింది.

"ఏం కనబడ్డంలేదండీ."

"ఒక కన్ను మూసుకోండి."

మూశాడు. రెండోది కూడా మూసుకుపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. మొహం అంతా ముడుచుకుంది కానీ, రెండు రెప్పలూ కలిసే పడుతున్నాయి. ధాత్రి నవ్వింది. "తాతయ్యకి కన్ను కొట్టడం రాదు!"

"చేత్తో మూసుకోండి అన్నయ్యగారూ," అంది హైమవతి. "రెండో చేత్తో ఆ చక్రం తిప్పాలి, కొంచెం."

ఆయన కాసేపు కదల్లేదు. తర్వాత ధాత్రి చెయ్యి వదిలి, ఎడమ అరచేత్తో ఎడమ కన్ను మూసుకున్నాడు. కుడిచేత్తో చక్రం పట్టుకున్నాడు.

చిన్న చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. తర్వాత కిందికి దిగి, హైమవతి ఒళ్ళోకి వచ్చి, ఆమె వేళ్ళ మధ్య దూరింది. వెచ్చగా, కొంచెం జిగటగా ఉంది. ధాత్రి ఆమె భుజానికి ఆనుకుని తల చెంపకి చేర్చింది. సంచీలో ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. తియ్యడానికి హైమవతికి చెయ్యి ఖాళీ లేదు.

"వచ్చాడు చందమామ," అన్నాడు చలపతిరావు. ఆ తర్వాత చాలాసేపటికి, కన్ను తియ్యకుండానే, ఎవరితోనో అన్నట్టు, "పుణెలో ఇల్లు చిన్నదంటండీ. ఒక్కటే గది. నువ్వు రావడం వేసవికి చూద్దాంలే నాన్నా అంది మా అమ్మాయి," అన్నాడు.

హైమవతి ఊడిన పిలకని ఒక్క చేత్తోనే సర్ది, రిబ్బను బిగించింది. నాలుగు నిమిషాలు దాటింది. ఐదు కూడా దాటి ఉంటుంది. ఆ గొట్టంలో ఇప్పుడు ఉత్త నీలమే ఉంటుందని ఆమెకి తెలుసు. చలపతిరావు తల ఎత్తలేదు. అరచేత్తో కన్ను మూసుకుని, ఏమీ లేని ఆకాశాన్ని చూస్తూ అలాగే కూర్చున్నాడు.

ఐదున్నర దాటింది. ఎండ పోయి చంద్రుడికి రంగు వచ్చింది. వివేక్ రాలేదు. ధాత్రి మైక్రోస్కోపు తీసి గాజు పలకలు లెక్కపెట్టింది.

"నానమ్మా, నీ వెంట్రుక ఒకటి ఇవ్వవా? పుణెలో దీంట్లో పెట్టి చూస్తాను."

హైమవతి చెవి పక్క నుంచి ఒక తెల్ల వెంట్రుక తెంపి ఇచ్చింది. ధాత్రి దాన్ని రెండు పలకల మధ్య పరిచి, "తాతయ్యా, నీది," అంది.

"నా నెత్తి మీద ఏముందే ఇవ్వడానికి?" అంటూనే చలపతిరావు చెవి వెనక తడుముకుని ఒకటి పీకి ఇచ్చాడు. రెండూ ఒకే పలకలో పెట్టింది.

ఆరింటికి ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. పిల్ల చెయ్యి మళ్ళీ ఆయన చేతిలోకి వెళ్ళింది. మైక్రోస్కోపు డబ్బాని ఫైలుతో కలిపి పట్టుకున్నాడు.

"ఇది బ్యాగులో పడుతుంది. ఎవరిచ్చారని అడిగితే పాపే చెప్పుకుంటుంది," అన్నాడు. "ఆ పొడుగుది పట్టదు. మీ దగ్గరే ఉండనివ్వండి."

మెట్ల దాకా వెళ్ళాక ధాత్రి వెనక్కి తిరిగి చూసింది. చలపతిరావు కూడా ఆగాడు. జేబులో పెన్నులు సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు.

"వచ్చే నెల రెండో శనివారం తిథి ఏమిటండీ, చెల్లెమ్మగారూ?"

హైమవతి కుడిచేతి బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. పిల్ల పట్టుకున్న చెయ్యి అది. ఇంకా జిగటగానే ఉంది.

"సప్తమి అన్నయ్యగారూ. ఐదింటికి కనబడతాడు."